తీసిపెట్టిన రిటైనర్

అంటే అవి నడుస్తూనే ఉన్నాయన్నమాట. తను బోనం ఎత్తుకుని ఛత్రినాక గల్లీలో డప్పుల వెంట పోతున్నప్పుడు, ఇంటికొచ్చి ఒళ్లు తెలియకుండా నిద్రపోయినప్పుడు కూడా, నోట్లో పళ్లు చప్పుడు లేకుండా పాత చోటికి బయలుదేరాయి. స్రవ్య అద్దానికి ఇంకాస్త దగ్గరగా జరిగింది. ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికి వెంట్రుకవాసి ఒరిగింది. పదో తరగతి ఫొటోలో ఉన్నట్టే, సరిగ్గా అదే వైపు.

రెండేళ్లు పళ్లకు క్లిప్పులు పెట్టుకుంది. అవి తీసేసి నాలుగు నెలలు. పళ్లు కదలకుండా రాత్రీ పగలూ పెట్టుకొమ్మని ఇచ్చిన ప్లాస్టిక్ రిటైనర్‌ను, ఇంట్లో బోనాల ఒక్కపొద్దులు మొదలైన రోజు అమ్మ తీయించింది.

"తిన్నప్పుడు తీసుడు, మళ్ల నోట్లె పెట్టుడు. ఎంగిలి కాదా? గది పెట్టుకొని అమ్మవారికి బోనం వండుతవా?"

స్రవ్యకూ అది సబబే అనిపించింది. డబ్బాలో వేసి గూట్లో పెట్టింది. పదకొండు రోజులు.

పొద్దున ఫోన్లో మొఘల్‌పురా క్లినిక్ డాక్టర్ యాస్మీన్ కోప్పడలేదు. "పన్ను గోడల కొట్టిన మేకు కాదు స్రవ్యా. సన్నటి నారలతో ఎముకను పట్టుకొని ఉంటది. ఆ నారలు వెనక్కి గుంజుతనే ఉంటయ్. ఎముక ఒకదిక్కు కరుగుతది, ఇంకోదిక్కు పెరుగుతది. రిటైనర్ ఎక్కితే రోజంతా పెట్టుకో. ఎక్కకుంటే జబర్దస్తీ చెయ్యకు, నా దగ్గరికి రా. మళ్ల క్లిప్పులు పడొచ్చు."

మళ్లీ రెండేళ్లు! ఆ భయంతోనే అద్దం ముందుకు వచ్చింది. వచ్చాక భయాన్ని మరిచిపోయింది. రాతికట్టు అనుకున్న దవడలో, తనను అడగకుండా, మేస్త్రీలు పగలూ రాత్రీ పని చేస్తున్నారు. వాళ్ల దగ్గర ఇంకా పాత ఇంటి కొలతలే ఉన్నాయి.

"గంట సేపాయె! అద్దం అరిగిపోతది బిడ్డా," వంటింట్లోంచి అమ్మ అరిచింది.

స్రవ్యకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటే చెయ్యి లేచి మూతి కప్పింది. బళ్లో వంకరపళ్లని ఏడిపించిన రోజుల నాటి అలవాటు. క్లిప్పులు తీసిన రోజే పోయిందనుకుంది. పోయిన అలవాటును మళ్లీ ఎవరు పిలిచారు? పన్ను కదిలిన సంగతి తనకంటే ముందే ఈ చేతికి తెలిసిందా? దేవుడి ముందు నిలబడ్డట్టు ఒళ్లు జలదరించింది.

"అమ్మా, రిటైనర్ పెట్టుకుంటున్న."

"పెట్టుకో. బోనం అయిపాయె గద. అమ్మవారు ఏమన్నంటే నేను చెప్త."

డబ్బా తెరిచి, కడిగి, నోట్లో పెట్టుకుంది. వెనక పళ్ల మీద కుదిరింది. ముందు మాత్రం అంచు కాస్త ఎత్తుగా నిలిచింది. మూతి కప్పిన చేతితోనే, రెండు వేళ్లు ఆనించి, మెల్లగా నొక్కింది.

పళ్లు జివ్వుమన్నాయి. రిటైనర్ టక్కున కూర్చుంది.