పులిపిండి కొన్నవాడు

ప్రేమ్‌నాథ్‌కు లోకంలో తనదంటూ చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఇల్ఫర్డ్‌లో మిసెస్ సాల్కిండ్ ఇంట్లో మేడమీద ఒక అద్దె గది, అందులో ఒక మంచం, కిటికీ పక్కన కుర్చీ, నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకోవడానికి దళసరి నల్ల పరదా. అలాంటివాడు ఆ బుధవారం పొద్దున, రెండు కప్పుల టీ తాగేంత సేపట్లో, ఒక సమాజం మొత్తానికి చెందిన బిస్కెట్లకూ, విస్కీ సీసాలకూ, కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలకూ, గోధుమపిండి సంచులకూ యజమాని అయిపోయాడు.

యూదుల ఆచారం అది. పస్కా పండుగ ఎనిమిది రోజులూ వాళ్లు పులిసినదేదీ తినకూడదు. తినకపోతే చాలదు, అది వాళ్ల సొంతంలో కూడా ఉండకూడదు. పారేయలేనివన్నీ ఒక అరలో పెట్టి తాళం వేసి, యూదుడు కాని మనిషికి అమ్మేస్తారు. పండుగ వెళ్లాక తిరిగి కొనుక్కుంటారు. ఇన్నేళ్లూ కొంటూ వచ్చిన, వాళ్ల ప్రార్థనామందిరం సినగాగ్ కేర్‌టేకర్ రిటైరై ఎక్కడో సముద్రం ఒడ్డుకు వెళ్లిపోయాడు. అందుకని రబ్బీ, అంటే ఆ మందిరం గురువు, పక్కవీధిలో ఉండే ఈ తెలుగు నర్సును పిలిపించాడు.

బైబిల్లో సమాజమందిరం అని చదివిన చోటు ఇలా ఉంటుందని ప్రేమ్‌నాథ్ అనుకోలేదు. అయిదు వందల మందికి కట్టిన హాల్లో ముప్ఫై మంది మిగిలారు. పిల్లలు ఎసెక్స్ వైపు ఇళ్లు కొనుక్కుని పోయారు. ప్రార్థన మొదలుకావాలంటే పదిమంది మగవాళ్లు ఉండాలి కాబట్టి, సెక్రటరీ మారిస్ రోజూ గుమ్మంలో నిలబడి, కోడిపిల్లల్ని లెక్కపెట్టుకునే పెట్టలా, వీధిలోకి చూస్తుండేవాడు.

"నా సింగిల్ మాల్ట్ విస్కీ ఇప్పుడు నీది, ప్రేమ్," అన్నాడు మారిస్. "ఒక్క చుక్క తగ్గినా నిన్ను ఏమీ అనలేను. మూల కూర్చుని ఏడుస్తాను, అంతే."

"మీ ఆవిడ చేసిన కేకు కూడా వచ్చిందా ఇందులో?"

"వచ్చింది. అది మాత్రం తిరిగి ఇవ్వనక్కర్లేదు."

రబ్బీ నవ్వలేదు. అమ్మకం ఖాయమైనందుకు గుర్తుగా జేబురుమాలు ఒక కొస ప్రేమ్‌నాథ్ చేతికి అందించి, పైకెత్తమన్నాడు. "ఇది నాటకం అనుకోవద్దు. నాటకమైతే ఈ అమ్మకం చెల్లదు. నువ్వు నిజంగా యజమానివి. తాళం తీసుకుని లోపలికి వెళ్లొచ్చు, తినొచ్చు, పారేయొచ్చు."

"ఇదివరకు ఎవరైనా అలా చేశారా?"

"ఇంతవరకు ఎవరూ తాళం తీయలేదు," అన్నాడు రబ్బీ.

ప్రేమ్‌నాథ్ ఇంటికొచ్చేసరికి మిసెస్ సాల్కిండ్ మెట్ల కింద కొట్టుగది ముందు నిలబడి ఉంది. ఎనభై దాటిన మనిషి, గాలికి ఎగిరిపోతుందేమో అన్నంత తేలిక. తలుపుకు తాళం వేసి తాళంచెవి అతని అరచేతిలో పెట్టి, వేళ్లు తానే మూసింది.

"అందులో ఓట్స్ ఉన్నాయి. పిండి ఉంది. సిడ్ ఉన్నాడు."

సిడ్ ఆమె భర్త. పోయిన శరత్కాలంలో చనిపోయాడు. రొట్టెల బట్టీ నడిపినవాడు. అతను పోగా మిగిలింది ఒక గాజు జాడీ, అందులో పులిపిండి ముద్ద. దాంట్లోంచి కొంత తీసి రొట్టె చేస్తారు, తీసినంత కొత్త పిండి, నీళ్లు మళ్లీ పోస్తారు. అలా సిడ్ వాళ్ల నాన్న నాటి నుంచీ ఆరిపోకుండా బతికించుకుంటూ వచ్చిన పిండి. చలికాలమంతా ఆమె దానితో మాట్లాడడం ప్రేమ్‌నాథ్ మేడమీద నుంచి విన్నాడు. బాయిలర్ రిపేరు సంగతి, సినగాగ్‌లో ఎవరెవరు వచ్చారన్న సంగతి, అన్నీ చెప్పేది. జవాబు కోసం ఆగేది కూడా. ఎంతసేపు ఆగేదంటే, వింటున్నవాడికి కూడా జవాబు వచ్చిందేమో అనిపించేది.

"నేను నిన్ను ఏమీ అడగడం లేదు, ప్రేమ్. అడగకూడదు, అది ఇప్పుడు నాది కాదు. ఊరికే ఒక మాట అంటున్నాను, బయట వానొచ్చేలా ఉంది అన్నట్టు. సిడ్ దాన్ని రెండు రోజులకు మించి ఎప్పుడూ పస్తు పెట్టలేదు."

"అలాగేనండీ," అన్నాడు ప్రేమ్‌నాథ్, దేనికి అలాగేనో తేల్చకుండా.

ఆ మధ్యాహ్నం షెఫీల్డ్ నుంచి అక్క ఎలిజబెత్ ఫోన్ చేసింది. ఆమె కూడా నర్సే. విషయం విని గొంతు పెంచింది.

"ఒరేయ్, బుద్ధుందా నీకు? పస్కా పండగలో పులిపిండి ఇంట్లో ఉంచుకున్నోడ్ని జనంలోంచి కొట్టేస్తానని నిర్గమకాండంలో రాసుంది కదరా. చిన్నప్పుడు సండే స్కూల్లో ఫస్ట్ ప్రైజు నీకే ఇచ్చారు, ఏం చదివావో ఏమో!"

"అది వాళ్లకి రాసింది, అక్కా. మనక్కాదు."

"ఆహా, ఇల్ఫర్డ్‌లో దేవుడు అడ్రసులు చూసి వస్తాడా? సర్లే. తిన్నావా? ఏం తిన్నావ్?"

"టోస్ట్."

"టోస్టంట. అమ్మ ఉంటే..." అని ఆగింది. తర్వాత మెల్లగా అంది: "అమ్మ పోయినప్పుడు కూడా నువ్వు నాకు డ్యూటీ రోటా గురించి చెప్పావురా. లీవు దొరకలేదన్నావ్, నేన్నమ్మాను. కానీ ఫోన్లో ఒక్కసారన్నా ఏడుస్తావనుకున్నా."

"నాకు షిఫ్టుంది, అక్కా," అన్నాడు.

ఏడవకపోవడం తన బలమని ప్రేమ్‌నాథ్ నమ్మకం. వృద్ధుల వార్డులో అతను రోజూ చూసే మనుషుల్లో సగం మంది పోయినవాళ్లను పోనివ్వనివాళ్లే. ఒకామె కొడుకు చొక్కాను భోజనానికి కూర్చోబెడుతుంది. ఒకాయన భార్య కోసం బాత్రూం తలుపు దగ్గర కాపు కాస్తాడు. అలాంటి వాటికి ఎవరూ వంత పాడకూడదు. అబద్ధానికి అన్నం పెడితే అది బలుస్తుంది. ఇప్పుడు ఒక ముసలామె దుఃఖం అతని జేబులో తాళంచెవి రూపంలో ఉంది. ఎవరూ తప్పు పట్టలేని విధంగా దాన్ని ముగించే హక్కు చట్టప్రకారం అతనికి వచ్చింది. ఏమీ చేయనక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు. పండుగ అయ్యేసరికి పిండి చచ్చిపోతుంది, నాలుగు రోజులు ఏడ్చి ఆమె మనుషుల్లో పడుతుంది. అది దయే అనుకున్నాడు. ఆ అనుకోవడంలో అతనికి ఎక్కడా తడబాటు కలగలేదు.

మర్నాడు సాయంత్రం సినగాగ్ హాల్లో అందరికీ కలిపి విందు. మిసెస్ సాల్కిండ్‌ను చెయ్యి పట్టి నడిపించుకు వెళ్లింది ప్రేమ్‌నాథే. పొడవాటి బల్లలు, అప్పడాల్లా పెళుసైన పులియని రొట్టెలు, చేదు ఆకులు, ఐగుప్తు నుంచి బయటపడిన కథ. ఏలీయా ప్రవక్త కోసం ఒక గిన్నె నిండా ద్రాక్షారసం పోసి, ఎవరూ తాగకుండా వదిలేశారు. అతను వస్తాడని వీధి తలుపు తెరవాలి.

"ప్రేమ్ తీస్తాడు," అన్నాడు మారిస్. "దగ్గరగా కూర్చున్నది అతనే. పైగా మాలో ఎవరికీ మోకాళ్లు లేవు."

తలుపు తీశాడు. ఎదురుగా హలాల్ మాంసం కొట్టు దించిన షట్టరు, ఖాళీ బస్‌స్టాపు. అందరూ లేచి నిలబడి అతని భుజం మీదుగా ఆ ఖాళీలోకి గౌరవంగా చూస్తున్నారు. చల్లటి గాలి వచ్చి అతన్ని దాటి లోపలికి పోయింది. తలుపు వేసేటప్పుడు అతనికి ఒక వింత సందేహం కలిగింది. ఊళ్లోని పులిసిన సొత్తంతా తన పేర ఉండగా, ఈ పూట ఈ గుమ్మంలో నిలబడవలసినవాడు తను కాదేమో అని.

ఆ తర్వాత మిసెస్ సాల్కిండ్ తిండి మానేసింది. మారిస్ భార్య తెచ్చిన సూపు గిన్నె పొయ్యి మీదే చల్లారింది. శనివారం సినగాగ్‌లో ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె కొట్టుగది తలుపుకు ఒక చెయ్యి ఆనించి నిలబడేది, జ్వరం చూసే తల్లిలా. ప్రేమ్‌నాథ్ వస్తే చెయ్యి తీసేసేది.

"చల్లబడుతోంది," అంది ఒకసారి, గోడకు చెప్పినట్టు.

ఆదివారం, ఈస్టరు ఆరాధనకు పోకుండా పడుకున్న ప్రేమ్‌నాథ్‌కు నిద్ర పట్టలేదు. కింద ఆమె దగ్గు కూడా వినిపించడం లేదు. అతని వృత్తిలో ఒక్క నిశ్శబ్దానికే భయపడడం నేర్పుతారు. లేచి, కిందికి వచ్చి, తాళం తీశాడు.

జాడీలో పిండి అడుగుకు దిగిపోయింది. పైన బూడిదరంగు నీరు తేలింది. గోళ్లరంగు తుడిచే మందు వాసన. చావు దగ్గరపడిన వాసన ఏదైనా అతనికి తెలుసు. మిసెస్ సాల్కిండ్ కూడా ఇదే దారిలో ఉందని అప్పుడు అర్థమై, తన దయ మీద తనకే అసహ్యం వేసింది.

పండుగ నాళ్లలో ఆమె వంటింటి గరిటె గానీ గిన్నె గానీ దానికి తగలకూడదు. సిడ్ వాడిన చెక్క తెడ్డు ఎక్కడుందో అడిగితే ఆమె చెప్పకూడదు. ప్రేమ్‌నాథ్ మేడమీద నుంచి పళ్లు తోముకునే మగ్గుతో నీళ్లు తెచ్చాడు, పిండి సంచి విప్పాడు, చొక్కా చెయ్యి మడిచి జాడీలో పెట్టాడు. ఆలోచించలేదు. పిండి చేత్తో కలిపితేనే పులుస్తుందని రేపల్లెలో పుట్టిన ఎవరికి తెలియదు? దిబ్బరొట్టెకు పిండి కలిపేటప్పుడు అమ్మ గరిటె ముట్టనిచ్చేది కాదు. మోచేతి దాకా కలిపి, గిన్నె అంచుకు వేళ్లు తుడిచి, మూత పెట్టి, నిద్రపుచ్చినట్టు మూత మీద తట్టేది.

ముద్ద మొదట చల్లగా, ఎవరిదో పరాయి చెయ్యిలా తగిలింది. కలుపుతూ ఉంటే వెచ్చబడింది. తీసేటప్పుడు వేళ్లను అంత తొందరగా వదల్లేదు. మూత పెట్టి, దాని మీద తట్టి, తట్టినందుకు తనే ఉలిక్కిపడ్డాడు.

సాయంత్రం మిసెస్ సాల్కిండ్ పులియని రొట్టె ముక్క, రెండు గుడ్లు తింది. కృతజ్ఞత చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. వంటింటి దీపం మాత్రం అతని కోసం వెలిగించి ఉంచింది.

సోమవారం, మంగళవారం కూడా కలిపాడు. జాడీ నిండుగా పొంగింది. డ్యూటీ దిగి బస్సులో వస్తూ దాని గురించే ఆలోచించేవాడు. పడుకుంటే కింద నుంచి సన్నటి శబ్దం. మూత కింద గాలి చేరి బయటికి వస్తోందని అతనికి తెలుసు. కానీ ఆ గాలి లోపలికి కూడా వెళుతున్నట్టుండేది. పీల్చడం, కాసేపు ఆగడం, చివర్న పిల్లికూతతో వదలడం. మిషన్ ఆసుపత్రిలో వంటచేస్తూ పొగ పీల్చి పీల్చి అమ్మకు పట్టిన ఉబ్బసం అచ్చం అలాగే కూసేది. నిద్రలేమికి చెవులు ఇలాంటివి కల్పిస్తాయని తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకుని, అమ్మ పోయిన రెండేళ్లుగా ఎరగనంత గాఢంగా నిద్రపోయాడు.

బుధవారం లేచి వచ్చేసరికి మిసెస్ సాల్కిండ్ కోటు వేసుకుని తోట గుమ్మంలో ఉంది. ముందు తలుపుకు పోవాలంటే కొట్టుగది పక్కనుంచి పోవాలి.

"ఇంటికి ఎవరొచ్చారు, ప్రేమ్?"

"ఎవరూ రాలేదే."

"మెట్ల కింద ఎవరో ఉన్నారు."

వార్డులోనైతే అతను ఏమనాలో అతనికి తెలుసు. కానీ నోటి నుంచి వేరే మాట వచ్చింది. "సిడ్ కాదా?"

ఆమె అతన్ని జాలిగా చూసింది. "యాభై రెండేళ్లు పక్కన పడుకున్న మనిషి ఊపిరి నాకు తెలియదా?" అంది. తోటలోంచే వెళ్లిపోయింది.

గురువారం చీకటి పడగానే పండుగ ముగిసింది. సినగాగ్ ఆఫీసులో రబ్బీ తిరిగి కొనుగోలు జరిపించాడు. మారిస్ తన సీసాను ముద్దు పెట్టుకున్నాడు. మిసెస్ సాల్కిండ్ మాత్రం చెయ్యి ఎత్తింది.

"ఓట్స్, పిండి, అన్నీ కొనండి. జాడీ వద్దు."

"హెటీ," ఆమెను పేరుతో పిలుస్తూ అన్నాడు రబ్బీ మెత్తగా, "అది సిడ్ ప్రాణం కదా."

"సిడ్ చచ్చిపోయాడు. ఆదివారం పొద్దున పోయాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను." ఆమె కోటు బొత్తాం పెట్టుకుంది. "అందులో ఇప్పుడుంది ప్రేమ్ తాలూకు మనిషి. ఒకరి మనిషిని నేనెలా కొంటాను?"

రబ్బీ ప్రేమ్‌నాథ్ వైపు చూశాడు, ఈ మాటకు అతను నవ్వుతాడేమో, కాదంటాడేమో అని. ఒక నర్సుగా అతను ఏదైనా సర్దిచెబుతాడని ఆయన ఆశ. ప్రేమ్‌నాథ్ తన అరచేతుల వైపు చూసుకున్నాడు. రబ్బీ, "అయితే అది నీదే," అన్నాడు.

ఇంటికొచ్చాక ఆమె ఎనిమిది రోజుల్లో మొదటిసారి కొట్టుగదిలోకి చెయ్యి పెట్టి, జాడీని రెండు చేతులా ఎత్తి అతనికి అందించింది. కొత్తగా వచ్చిన అతిథిని పరిచయం చేస్తున్నంత మర్యాదగా.

"పైకి తీసుకెళ్లు. మెట్ల కింద ఆవిడకు చలి."

'ఆవిడ' అంది. అతను ఆమెకు తల్లి గురించి ఎప్పుడూ చెప్పలేదు.

గదిలో జాడీని కుర్చీ మీద పెట్టి మంచం మీద కూర్చున్నాడు. తనకు తెలిసినదంతా వరసగా గుర్తు తెచ్చుకున్నాడు. చేతుల మీది సూక్ష్మజీవులు పిండిని మారుస్తాయి. ముసలామెకు వాసన తేడా తెలిసింది. ఆమె మనసు దానికో కథ అల్లుకుంది. అన్నీ సరిపోయాయి. ఏమీ చేయకుండా ఊరుకుంటే ఇదీ కొద్దిరోజుల్లో ముగుస్తుంది. ఎవరికైనా అతను ఇచ్చే సలహా అదే. పదింటికి షిఫ్టు. బూట్లు వేసుకున్నాడు, బ్యాడ్జి తగిలించుకున్నాడు.

అప్పుడు కింద మిసెస్ సాల్కిండ్ ఏడవడం మొదలుపెట్టింది. గొంతెత్తి, దాపరికం లేకుండా, శవం ఇంట్లో ఉన్నప్పుడు ఏడ్చే ఏడుపు. నెలల తరబడి ఆమెలో గడ్డకట్టి ఉన్నది కరిగి మెట్లెక్కి వస్తోంది. ఇది మంచిదే, ఆమె బాగుపడుతోంది అనుకున్నాడు ప్రేమ్‌నాథ్, నర్సు బుద్ధితో.

బ్యాడ్జి తీసి దిండు కింద పెట్టాడు. జాడీ మూత తీసి, చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి, జాడీలోకి వంగి, "ఏందమ్మా?" అన్నాడు.