మూత బయటి మనిషి

జలాంతర్గామి మూత అంచున ఉన్న రబ్బరు పట్టీకి బ్లాజ్ చూపుడువేలితో కొవ్వు రాస్తున్నాడు. గొడ్డు కొవ్వు, చలికి గడ్డకట్టింది. అరచేతుల్లో నలిపి మెత్తబరిచి, ఎక్కడా వెలితి లేకుండా అద్దుతున్నాడు. చక్రవర్తి నౌకాదళపు పోలా రేవుకు జలాంతర్గాములు వచ్చిన నాటినుంచీ అతని పని ఇదే. మూత బిగిశాక లోపల ఏం జరుగుతుందో మాత్రం అతనికి తెలియదు.

తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుపోయేది. ఆ పడవల నావికులకు ఆజ్ఞలు జర్మన్‌లో, తిట్లు ఇటాలియన్‌లో, ప్రార్థనలు ఎవరి భాషలో వాళ్ళవి. దొరికినవాణ్ణల్లా ఆపి అడిగేవాడు. కిటికీలోంచి చేపలు తొంగిచూస్తాయని ఒకడన్నాడు. బ్లాజ్ నమ్మాడు పాపం, కిటికీ లేని పడవకు రోజూ కొవ్వు రాస్తూ కూడా!

కొడుకు జ్వానె ఎక్కిన పడవ యుద్ధంలో ఓట్రాంటో జలసంధి వైపు వెళ్ళి తిరిగి రాలేదు. దాని మూతకు కొవ్వు రాసిందీ ఇతనే. చిన్నప్పుడు చీకటి పడితే మంచం దిగని పిల్లాడు జ్వానె. ఆ పడవ రాని నాటినుంచి భార్య ఫూమ సాయంత్రమైతే చాలు, ఒకటే అడుగుతుంది: "ఏమయ్యా, వాడున్నచోట అంతా చీకటేనా?" రేవులో పనిచేసే మనిషి ఆ పాటి చెప్పలేకపోవడం అతనికి కడుపుకోతకు తోడు తలవంపులు కూడా.

యుద్ధం ఓడి, ఆ వారమే చక్రవర్తి రాజ్యం కూలింది. నౌకాదళాన్ని ఆ రాజ్యం ముక్కల్లోంచి పుట్టిన కొత్త దేశానికి అప్పగిస్తున్నారు. నావికుల్లో హంగేరీవాళ్ళు, చెక్‌లు దొరికిన రైలెక్కి ఇళ్ళకు పోయారు. ఈ పాత పెట్రోలు పడవ ఇంకా మునుగుతుందో లేదో చూసి చెప్పమని కొత్తవాళ్ళు కబురుపెట్టారు. మూతలోంచి డాల్మేషియా నావికుడు షిమే తల బయటపెట్టాడు.

"బాబాయ్, చక్రం తిప్పడానికి ఒక మనిషి తక్కువయ్యాడు. వస్తావా? చేపల్ని చూద్దువుగాని."

"నేనా?"

"కాక చక్రవర్తిని పిలుస్తానా? ఆయనా ఖాళీయేలే! ఆ మేకుల బూట్లు విప్పి రా. నిప్పురవ్వ లేచిందంటే పెట్రోలు ఆవిరికి అందరం పైకే."

బ్లాజ్ బూట్లు విప్పి దిగాడు. పెట్రోలు, చెమట, ఉల్లిపాయల వాసన. పైపు మీద ఎవరిదో చొక్కా ఆరుతోంది. ఒకడు ఏదో కూనిరాగం తీస్తున్నాడు. షిమే చూపిన చక్రాన్ని చెప్పినంత తిప్పి నిలబడ్డాడు. చెవులు గుయ్యిమన్నాయి.

"మునిగేది ఎప్పుడు?"

"మునిగి చాలాసేపయింది బాబాయ్."

బ్లాజ్ తలెత్తి చూశాడు. నెత్తిమీద పసుపుపచ్చని దీపం నిలకడగా వెలుగుతోంది.

"ఇది ఎప్పటిదాకా వెలుగుతుందిరా?"

షిమేకు జ్వానె తెలుసు. అతనూ దీపంకేసి చూశాడు. "చివరిదాకా. అన్నీ ఆపేస్తాం గానీ దీన్ని మాత్రం ఆర్పం బాబాయ్."

ఆ ముఖంలో ఎగతాళి ఉందేమోనని బ్లాజ్ వెతికాడు. కనిపించలేదు. కళ్ళు తుడుచుకుందామంటే చేతుల నిండా కొవ్వు.

పడవ తేలాక షిమే సంచీ భుజాన వేసుకుని "ఉంటా బాబాయ్, రైలుకు వేళయింది" అన్నాడు. మిగిలినవాళ్ళూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. బ్లాజ్ అప్పటికే ఇంటిదారి పట్టాడు. చల్లటి రాళ్ళ మీద ఎగువకు వడివడిగా నడుస్తూ, ఫూమకు చెప్పాల్సిన మాటను పైకే అనుకుంటున్నాడు: "దీపముందే. పక్కన మనుషులున్నారు. ఎవడో పాడుతున్నాడు కూడా."

గట్టు మీద అతని మేకుల బూట్లు పక్కపక్కనే ఉండిపోయాయి, ఒకదానిలో మేజోళ్ళు చుట్టిపెట్టి ఉన్నాయి.