ఇది బాగుందా, ఇందాకటిదా?

కళ్లజోళ్ల దుకాణం పెట్టి ఇరవయ్యేళ్లయింది గానీ, సముద్రంలో చేపలు చూసే అద్దాల మాస్కు పెట్టుకోవాలంటే తన కళ్లజోడు తీసెయ్యాలన్న సంగతి నడుంలోతు నీళ్లలోకి వచ్చాక గాని ఆయనకి తట్టలేదు.

ఎదురుగా పన్నెండేళ్ల పిల్ల మాస్కు చాచి పట్టుకుని నిలబడింది. భార్య మొదటి కాపురంలో పుట్టిన పిల్ల. ఈ పెళ్లయి ఆరు నెలలు. ఆయన్ని ఏమని పిలవాలో తేల్చుకోలేక అసలు పిలవడమే మానేసింది. ఇవాళ పొద్దున మాత్రం, గోడతో అన్నట్టు, "చేపలు చూడ్డానికి వస్తారా?" అంది. ఇది చెడగొట్టుకుంటే మళ్లీ అడగదు. అందుకే కిక్కురుమనకుండా ఒడ్డుకెళ్లి, కళ్లజోడు భార్య చేతిలో పెట్టి వచ్చాడు.

"అద్దం లోపల ఉమ్మేసి రుద్దండి. లేకపోతే మసకేస్తుంది."

"నువ్వే వేసిపెట్టకూడదూ?" సరదాగా అన్నాడు.

"ఛీ! ఎవరి ఉమ్మి వాళ్లదే."

గాలి పీల్చే గొట్టం నోట కరుచుకుని నీళ్లమీద బోర్లా తేలాడు. కింద అంతా పాలలో రంగులు ఒలికినట్టుంది. పిల్ల వేలు చూపిన చోటల్లా తలూపాడు. పైకి లేచాక, "తాబేలు ఎలా ఉంది?" అందా పిల్ల.

"అబ్బో! ఎంత పెద్దదో!"

"అక్కడ తాబేలు లేదు."

దుకాణానికి వచ్చేవాళ్లూ ఇంతే. కనిపించని అక్షరం కనిపించిందంటారు, అడిగినవాడు చిన్నబుచ్చుకుంటాడేమోనని. ఇన్నాళ్లూ వాళ్లని చూసి లోలోపల నవ్వుకున్నాడు. ఇప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"జోడు లేకపోతే మూరెడు దాటి ఏమీ కనపడదమ్మా. చెబితే వద్దంటావేమోనని..."

ఆయన ఒక్కో అద్దం మార్చి అడుగుతూ తల్లికి కొత్త కళ్లజోడు వేసిన రోజు పిల్ల కూడా దుకాణంలోనే ఉంది. ఉన్నట్టుండి గొంతు బొంగురు చేసి, అచ్చం ఆయనలాగే అంది:

"తొందరేం లేదండీ. నిదానంగా చూసి చెప్పండి. కనిపిస్తే నా చెయ్యి రెండుసార్లు నొక్కండి."

చెయ్యి పట్టుకుని ఒక రాయి దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన నొక్కలేదు. ఇంకొంచెం దగ్గరికి. నొక్కలేదు. ఇక ముక్కు రాయికి తగులుతుందనగా, రాతి చీలికలోంచి ఒక చేప బయటికొచ్చి, ఈయనెవరా అన్నట్టు ఆగి చూసింది.

రెండుసార్లు నొక్కాడు.

తలలు పైకెత్తారు. "రంగు?"

"పసుపు. తోక మొదట్లో నల్లచుక్క."

"పాసయ్యారు."

ఒడ్డు నుంచి తల్లి చెయ్యూపింది. "మేం ఇప్పుడే రాం!" అని అరిచి, పిల్ల ఆయన మాస్కుకేసి చూసింది. "మళ్లీ మసకేసింది. ఇటివ్వండి."

లాక్కుని, థూ అని తనే ఉమ్మేసి, బొటనవేలితో మూలమూలలా రుద్ది, నీళ్లలో ఒక్క ముంచు ముంచి చేతికిచ్చింది.

"ఇది బాగుందా, ఇందాకటిదా?"

"ఇదే," అన్నాడాయన.

"ముందు పెట్టుకుని చెప్పండి!"