నాలుగు కాళ్ల సాక్ష్యం

ఆమె సంతకం పెడితే కుర్చీ నాలుగింటికల్లా మ్యూజియం అద్దాల గదిలోకి వెళ్తుంది. పెట్టకపోతే మామయ్య నలభై ఏళ్ల పేరు మట్టిలో కలుస్తుంది.

మ్యూజియం వడ్రంగి కుర్చీని బల్ల మీద తలకిందులు చేసింది. రెండు వందల ఏళ్ల కిందటి జడ్జి కూర్చున్న కుర్చీ అని కాగితాలు చెబుతున్నాయి. అమ్మకానికి తెచ్చినవాడు ఆమె మేనమామ. ఆమెకు ఉలి పట్టడం నేర్పిందీ ఆయనే.

"ఏంటే, డాక్టరమ్మలా అలా నొక్కి నొక్కి చూస్తున్నావ్?"

"రోగముంటే బయటపడాలిగా మామయ్యా."

"దానికేం రోగం? నీకంటే గట్టిగా ఉంది."

గుమ్మంలో డైరెక్టరు గడియారం చూసుకున్నాడు.

ఆమె మందం కొలిచే కాలిపర్‌తో కాళ్లు కొలిచింది. గుండ్రంగా చెక్కిన కుర్చీ కాలు ఏళ్లు గడిచేకొద్దీ ఆరి, ఒక పక్క ఎక్కువ కుంచించుకుపోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఈ కాళ్లు నాలుగూ అలాగే ఉన్నాయి. ఆమె గుండె కుదుటపడింది. పెన్ను మూత తీసింది.

తీసి, ఆగింది.

నాలుగూ ఒకే వైపు, ముందూ వెనకల మధ్యే సన్నబడ్డాయి. పాదాల అడుగున చెట్టు వయసు చెప్పే వలయాలు చూసింది. అవి ఒక్కో కాలికి ఒక్కో వైపు తిరిగి ఉన్నాయి. చెక్క తన వలయాల ప్రకారం కుంచించుకుంటుంది గానీ, కవాతులో సిపాయిల్లా నాలుగు కాళ్లూ ఒకే వైపు తిరగవు. ఎవరో చిత్రిక పట్టి సన్నం చేశారు. అంత పొందికగా చేసే చెయ్యి ఆమెకు ఒక్కటే తెలుసు.

తల ఎత్తింది. మామయ్య అప్పటికే ఆమె ముఖం చదివేశాడు.

"పెట్టవే," అన్నాడు గొంతు తగ్గించి. "నా పరువు నీ చేతిలో ఉంది."

"చెయ్యి తప్పు చేస్తే చెక్కే చెబుతుందని నువ్వేగా అన్నావ్."

"అన్నాను. బుద్ధిలేక."

ఆమె పెన్ను మూత పెట్టేసింది. "సార్, ఇది కొత్తది. మా మామయ్య చేసింది."

డైరెక్టరు బల్ల దగ్గరికొచ్చి కాళ్లను చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఆయన మాకు అమ్మిన కుర్చీలు పై హాల్లో ఇంకా పదకొండు ఉన్నాయి కదూ?"

"ఉన్నాయి."

"అన్నీ కొలవండి."

ఆమె కాలిపర్ తీసుకుని మెట్లవైపు నడిచింది. వెనక మామయ్య తను చేసిన కుర్చీని దించి, నిలబెట్టి, అందులో బరువుగా కూర్చున్నాడు. అది కిర్రుమని కూడా అనలేదు.

"అన్నీ ఎందుకే, కాళ్లు నొప్పులు పుడతాయి," అన్నాడు. "ఏడోదాని దగ్గర మొదలుపెట్టు."