పదకొండు ఇళ్ళు, మధ్య తీగ

మా అక్క గుడ్లపెట్టె వల్లే వీధి మొత్తానికి కరెంటు చాలడం లేదని మూలింటి దర్జీ అన్నాడట. అన్నది అక్కతో కాదు, ఇస్త్రీ పిన్నితో. ఆవిడ మా బట్టలతోపాటు ఆ మాటనూ మడతపెట్టి తెచ్చి ఇచ్చింది.

"నా పెట్టె తినేదెంత? నాలుగు బల్బులు, ఓ బుల్లి ఫ్యాను! వాడి మిషను మోటారు ముందు అదో లెక్కా?" అని అక్క అంతెత్తున లేచింది.

ఆ పెట్టెలో మూడు వందల కోడిగుడ్లున్నాయి. పదిహేనో రోజు నడుస్తోంది. ఇంకో ఆరు రోజులు వేడి ముప్పై ఏడున్నర డిగ్రీల దగ్గర నిలబడితే పిల్లలవుతాయి. అంతకుముందు పెట్టిన విడత వోల్టేజీ లేక మురిగిపోయింది. గొయ్యి తవ్వి పాతింది నేనే కాబట్టి ఆ వాసన ఇంకా నా ముక్కు వదల్లేదు.

పొద్దున ఎదురింటాయన వెల్డింగు అంటించగానే మా బల్బులు కళ్ళు మూసి తెరిచేవి. ఫ్యాను రెక్కలు ఎన్నో లెక్కపెట్టుకోవచ్చు. ఫ్రిజ్ మోటారు తిరగలేక మూలిగేది. స్టెబిలైజరు టకటకా కొట్టుకుని, ముల్లు నూట యాభై దగ్గర చతికిలబడేది.

స్తంభం మీద కరెంటు తీగలు మూడుంటాయి. ఒక్కో ఇంటిని ఏదో ఒకదానికి కలుపుతారు. మా వీధిలో దీపం మసకబారితే ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. ఎవరింట్లో వెలుగు బాగుందో కనిపెట్టి, నలుగురూ కునుకు తీసే మధ్యాహ్నం వేళ, తెలిసినవాణ్ణి స్తంభమెక్కించి తామూ ఆ తీగకు మారిపోతారు. అక్క కూడా మంగళవారం గుట్టుగా మధ్య తీగకు మారింది. రెండు రోజులు బల్బులు ధగధగా వెలిగాయి.

"చూశావా, బుర్ర వాడాలిరా!" అంది నాతో.

శుక్రవారం నుంచి మళ్ళీ అదే ఏడుపు. శనివారానికి పెట్టెలో వేడి ముప్పై అయిదుకు దిగింది. అక్క ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ దాని మీద కప్పి, లైన్‌మన్‌ను ఇంచుమించు చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది. వీధంతా స్తంభం కింద చేరింది.

అతను ఎక్కి చూసి, దిగి, చెమట తుడుచుకున్నాడు.

"పదకొండు ఇళ్ళూ మధ్య తీగ మీదే కూర్చుంటే కరెంటు ఎక్కణ్ణుంచి చాలుతుందండీ? కలిపినచోట కాలి నల్లబడింది. అటుదీ ఇటుదీ ఖాళీ!"

"అయితే సగం మందిని అటూ ఇటూ మార్చెయ్యి బాబూ," అంది అక్క.

"నన్ను మాత్రం ముట్టుకోకు. చివరి తీగ మీదున్నప్పుడే నా మిషను మోటారు కాలింది," అన్నాడు దర్జీ.

"నాకూ అది అచ్చిరాలేదు," అన్నాడు వెల్డింగాయన.

"అచ్చిరావడానికి అదేమన్నా పెళ్ళిసంబంధమా? అప్పుడు మీరంతా దాని మీద పడ్డారు గనక కాలింది!" అన్నాడు లైన్‌మన్.

"ఆ వెల్డింగాయన్ని మార్చు నాయనా, సగం పీడ పోతుంది," అంది ఇస్త్రీ పిన్ని.

"నీ ఇస్త్రీపెట్టె గాలితో వేడెక్కుతోందా పిన్నీ?" అన్నాడు వెల్డింగాయన.

"మీరూ మీరూ తర్వాత కొట్టుకు చావండి! అక్కడ నా గుడ్లు చల్లారిపోతున్నాయి. ఎవరో ఒకరు ముందు మారండి, పుణ్యముంటుంది!" అని అరిచింది అక్క.

లైన్‌మన్ కటింగు ప్లేయరు చేతిలోకి తీసుకున్నాడు.

"అందరికన్నా తొందర మీదే కదమ్మా. మీదే విప్పనా?"