పదకొండులో ఒకడు

ఇస్త్రీ బండి దగ్గర నుంచి తిన్నగా వచ్చినట్టుంది, లోపలికొచ్చిన ఆమె చీరకు ఇంకా బొగ్గు వాసన వదలలేదు. విశ్వవిద్యాలయంలోని ఆ ఇరుకు గదిలో, కాగితాల గుట్టల నడుమ నుంచి, పరిశోధకురాలు లేచి కుర్చీ జరిపింది.

"కూర్చో అక్కా."

"కూర్చోడానికి రాలేదు తల్లీ, నిన్ను లేపుకుపోదామని వచ్చా. ఎల్లుండే తమ్ముడి ఆఖరి వాయిదా."

తమ్ముడు గోడలకు రంగులు వేసేవాడు. దుకాణం దొంగతనం కేసులో ఎనిమిది నెలలుగా జైల్లో ఉన్నాడు. ఎవరిని పట్టుకుంటారు, ఎవరిని వదులుతారు అన్న పరిశోధనకై నిరుడు స్టేషన్లలో నాలుగు వందల ఫైళ్లు చదివిన ఈ పరిశోధకురాలు, స్టేషన్ గుమ్మంలో పడిగాపులు పడుతున్న ఈ అక్కతో ఉండబట్టలేక ఒక మాట చెప్పింది: దొంగతనం జరిగింది సాయంత్రం ఆరున్నరకు, స్టేషన్ డైరీలో తమ్ముడి అరెస్టు అదే రోజు నాలుగింటికే.

"ఆ డైరీ వానకు తడిసి పాడైందంటున్నారు. వానకైనా ఎంత తెలివో చూడు, సరిగ్గా ఆ పేజీయే తడిపింది! నువ్వు రాసుకున్నావుగా? ఆ కాగితమిస్తే చాలన్నాడు వకీలు."

ఆ కాగితం ఇప్పుడు లేదు.

పరిశోధనకొక పద్ధతి ఉంది. ప్రతి మనిషికీ ఒక అంకె. ఏ అంకె ఎవరిదో చెప్పే జాబితా ఒక్కటే. పని ముగిశాక దాన్నీ, చేతిరాత కాగితాలనూ నాశనం చేయాలి, ఆ పేర్లు రేపు ఏ పోలీసు చేతిలోనూ పడకూడదని. గడువుకు నెల ముందే, ముచ్చటపడి మరీ, తన చేత్తోనే వాటిని ముక్కలు చేసే యంత్రంలో వేసింది. పేరు దాచిన మనిషిని వెతుక్కుంటూ ఒక అక్క వస్తుందన్న ఊహే ఆమెకు రాలేదు.

కంప్యూటర్ తెరిచింది. వృత్తి: రోజుకూలీ. నేరానికి ముందే అరెస్టు: అవును. అలాంటి వరుసలు పదకొండున్నాయి. గంటలూ నిమిషాలూ ఎక్కడా లేవు.

అయినా వాయిదా రోజున కోర్టులో సాక్షి బోనెక్కింది. ఆ డైరీ పేజీని కళ్లారా చూశానని చెప్పింది.

"నాలుగు వందల ఫైళ్లు చూశారు. ఇది ఇతనిదేనని చెప్పే జాబితా ఏదమ్మా?" అన్నాడు ప్రభుత్వ వకీలు.

"చించేశాను."

"ఎవరు చించమన్నారు?"

"మా నియమం."

వెనుక బల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎదుటి బోనులో తమ్ముడు మాత్రం ఆమెకు చేతులు జోడించాడు. అతనికి మూడేళ్ల శిక్ష పడింది.

వారం తర్వాత అక్క మళ్లీ వచ్చింది. ఈసారి అడగకుండానే కూర్చుంది.

"నన్ను తిట్టక్కా," అంది పరిశోధకురాలు.

"ఎందుకు తిట్టడం? వాడి పేరు బయటపడకూడదని ఇంతలా దాచినవాళ్లు నువ్వు తప్ప ఎవరున్నారే? నీ పుస్తకంలో వాడున్నాడుగా, ఏదీ చూపించు. జైల్లో వాణ్ని చూసే ములాఖత్‌లో చెబుతా, ఒక్కచోటైనా నిజం రాసుందిరా అని."

పరిశోధకురాలు అచ్చయిన పేజీ తెరిచి, పట్టికలో 'నేరానికి ముందే అరెస్టు' ఎదురుగా ఉన్న పదకొండు అన్న అంకె మీద వేలుంచింది. అక్క తన కాలిన వేలు పక్కనే ఆనించి, చదువు రాకపోయినా చాలాసేపు చూసింది.

"ఇందులో మావాడెవరు?"

పరిశోధకురాలు తల అడ్డంగా ఊపింది.

"పోనీలే," అంది అక్క, అంకెను పసివాడి నుదురులా నిమురుతూ. "మిగతా పదిమందికీ అక్కలున్నారా?"

"తెలీదక్కా."