మూడు రోజుల డెమో

తంగళ్ళపల్లి అనూష ఒకే ఉద్యోగం కోసం మూడు రకాల ఇంటర్వ్యూలకు తయారైంది. కోరుట్లలోని ఆ ప్రైవేటు స్కూలువాళ్లు ముందు ఫోన్లో మాట్లాడతామన్నారు. సిరిసిల్లలో వాళ్ల పక్కింటి మరమగ్గాల మోతలో ఏమీ వినబడదని ఆమె మానేరు వంతెన దాకా నడిచి వెళ్లి, ఎండలో నిలబడి ఇంగ్లీషులో జవాబులు చెప్పింది. తర్వాత స్కూలుకు పిలిచి నలుగురు ఎదురుగా కూర్చుని అడిగారు. పెళ్లయితే ఉద్యోగం మానేస్తావా అనీ అడిగారు. దానికేం చెప్పాలో తల్లి సుమిత్ర ముందే నేర్పింది.

"రెండేండ్ల దాక పెండ్లి లేదను బిడ్డా. కోపం చేయకు, నవ్వుకుంట చెప్పు."

అనూష నవ్వుతూనే చెప్పింది.

మూడోది డెమో క్లాసు. పదో తరగతికి 'విద్యుత్ ప్రవాహం' పాఠం మూడు రోజులు చెప్పి చూపించాలన్నారు. అట్ట మీద బల్బు, బ్యాటరీ, తీగలు బిగించుకుని, తల్లిని ముందు కూర్చోబెట్టి పాఠమంతా నాలుగుసార్లు చెప్పుకుంది. మూడు రోజులూ పొద్దున్నే బస్సెక్కి, వేములవాడలో మారి కోరుట్ల చేరింది. మొదటి రోజు ఒక సారు వెనక బెంచీలో పది నిమిషాలు కూర్చుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎవరూ తొంగిచూడలేదు. అయినా గొంతు బొంగురు పోయేలా చెప్పింది.

మూడో రోజు పాఠం ముగించి అట్ట సర్దుకుంటుంటే ముందు బెంచీలోని శ్వేత లేచింది.

"మేడం, రేపటిసంది మీరు గూడ రారా?"

"గట్లెందుకు అడుగుతున్నవ్?"

"మాకు ఎవ్వలచ్చినా మూడు రోజులే మేడం. ఒక్కో పాఠానికి ఒక్కొక్కరు."

ఆ పిల్ల నోటుబుక్కు తీసి చూపించింది. ప్రతి పాఠం పైనా పేరు రాసి ఉంది. వక్రీభవనం, సామేలు సార్. మానవుని కన్ను, జ్యోతి మేడం. విద్యుత్ ప్రవాహం, అనూష మేడం. జూన్ నుంచీ ఆ క్లాసుకు ఫిజిక్స్ టీచరే లేడు. ఇంటర్వ్యూలతోనే సిలబస్ నడిపేస్తున్నారు.

అనూష నేరుగా కరస్పాండెంట్ గదిలోకి వెళ్లింది. అక్కడ ముప్పై ఏళ్ల మనిషి చుట్టచుట్టిన చార్టులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"సార్, నా ఉద్యోగం సంగతేంది?"

"సెలక్షన్ నడుస్తున్నదమ్మా. ఫోన్ చేస్తం."

"జూన్ సంది నడుస్తున్నదా సార్?" అని, ఆమె ఆ మనిషి వైపు తిరిగింది. "అన్నా, నీకేం పాఠం ఇచ్చిండ్రు?"

"విద్యుదయస్కాంతత్వం."

"ఎన్ని రోజులు?"

"మూడు."

"ఇనబడ్డదా సార్? మేము నౌకరి దొరుకుతదని అస్తున్నం. మీరు మాతోని ఉత్తగ పాఠాలు చెప్పిచ్చుకుంటున్నరు. మీకు సిగ్గనిపిస్తలేదా?"

"గొంతు తగ్గించు. గీ కోపంతోని నీకు ఎవ్వలిస్తరు ఉద్యోగం?"

"నవ్వుకుంట అడిగితే ఇచ్చిండ్రా మరి?"

చార్టుల మనిషి పేరు శ్రీశైలం, ఎల్లారెడ్డిపేట నుంచి వచ్చాడు. తనతో బయటికి వస్తాడేమోనని అనూష ఒక క్షణం చూసింది. అతను తలవంచుకుని కూర్చున్నాడు. ఆ మౌనం ఆమెను కరస్పాండెంట్ మాట కంటే ఎక్కువ మండించింది.

ఆమె గేటు వైపు పోలేదు. మళ్లీ పదో తరగతికే వెళ్లింది.

"ఇనుండ్రి. మీకు ఫిజిక్స్ టీచర్ లేడు. నేను టీచర్‌ను కాను, నౌకరి అడగనీకి అచ్చినదాన్ని. మార్చిల పరీక్ష రాసేది మీరు. ఈ ముచ్చట ఇంట్ల చెప్పుండ్రి, నోటుబుక్కులు చూపియ్యిండ్రి."

ఆయా వచ్చి చెయ్యి పట్టుకునే లోపు రెండుసార్లు చెప్పింది. బస్సులో ఏడుపు రాలేదు. వేములవాడ దాకా పళ్లు బిగించుకునే కూర్చుంది.

పది రోజులకు శ్రీశైలం ఫోన్ చేశాడు. నంబరు స్కూల్లో ఆమె దరఖాస్తు చూసి తీసుకున్నాడట.

"తల్లిదండ్రులచ్చి లొల్లి చేసిండ్రు మేడం. నన్ను పర్మనెంట్ తీసుకున్నరు. మీరు గా మాట అన్నందుకే నాకచ్చింది. గారోజు మీ ఎంబడి లేవలేకపోయిన. నాకది పదకొండో ఇంటర్వ్యూ."

అనూష సంతోషం అనలేదు.

"సరే అన్నా. పిల్లలకు మంచిగ చెప్పు. రేపు ఇంకో సబ్జెక్టుకు ఎవ్వలనన్న గిట్ల డెమోకు పిలిస్తే, అప్పుడన్నా లేస్తవా?"

జవాబు కోసం ఆగకుండా ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ వారమే జగిత్యాలలోని ఒక స్కూలు నుంచి పిలుపు వచ్చింది. మూడు రోజుల డెమోకు రమ్మన్నారు.

"ఒక్క క్లాసు చెప్త సార్. మీరు కూసోని చూడుండ్రి, అదే రోజు అవునో కాదో చెప్పుండ్రి."

అట్లా కుదరదని వాళ్లు ఫోన్ కట్ చేశారు. అనూష ఆ నంబరు బ్లాక్ చేసి, సిరిసిల్లలో ఇంకో స్కూలుకు ఫోన్ కలిపింది. ఈసారి నవ్వలేదు.